హెయిర్ ఎక్స్‌టెన్షన్లు: విశాఖలో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

మాఘం, వైశాఖం, శ్రావణం వచ్చాయంటే ఈ ప్రశ్నలతో మా పార్లర్ ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఎక్కువమంది అడిగేవాటికి జవాబులు ఇక్కడ రాసి పెట్టాం. పెళ్ళిజడలు వేయడం, ఎక్స్‌టెన్షన్లు (మన జుట్టు పొడవుగా, లావుగా కనిపించేలా కలిపే విడి జుట్టు) పెట్టడం, ఇంకోచోట పెట్టించుకుని చిక్కులు పడి వచ్చినవాళ్ళకు విడదీయడం, మూడూ మా పనే. అందువల్ల మొదటి రోజు అద్దంలో ఎలా ఉంటుందనేదాని కంటే తీసే రోజు ఏమవుతుందన్నదే మాకు ముందు గుర్తొస్తుంది. జవాబులు కాస్త అటే మొగ్గుతాయి.

ఇన్ని రకాల్లో ఏది మంచిది?

దీనికి జవాబు చెప్పే ముందు మేమే కొన్ని ప్రశ్నలు వేస్తాం. ఎన్ని రోజులకు కావాలి? వారానికి ఎన్నిసార్లు తలస్నానం చేస్తారు? నూనె రాస్తారా? రోజూ హెల్మెట్ పెడతారా? ఒకటి రెండు రోజుల ఫంక్షన్‌కైతే సవరమో, జుట్టు కుట్టిన క్లిప్పులో చాలు. రోజూ పొడవు జుట్టుతోనే తిరగాలి, పొద్దున పెట్టి రాత్రి తీసే ఓపిక లేదు అనుకున్నప్పుడే వారాల తరబడి తలకే ఉండిపోయే టేపు, రింగులు, కెరటిన్, కుట్టు గురించి ఆలోచించాలి. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి మొదటిదే సరిపోతుంది. ఈ మాట చెప్తే మాకు బేరం తగ్గుతుందని తెలుసు, అయినా చెప్తాం.

సవరం కూడా ఎక్స్‌టెన్షనేనా?

ముమ్మాటికీ. మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్న ఎక్స్‌టెన్షన్ అదే. దువ్వెనకు వచ్చిన జుట్టును అమ్మమ్మలు సంచిలో దాచి, కొంత పోగయ్యాక సవరం కట్టించుకునేవారు. పైన దారంతో గట్టిగా ముడి, కింద మూడు పాయలు. మెడ దగ్గర మన మూడు పాయల్లో ఒక్కోదాన్ని కలుపుతూ అల్లుకుంటూ పోతే జడ పొడవూ లావూ వస్తుంది. జిగురు లేదు, వేడి లేదు. ఇంటికి రాగానే తీసి మేకుకు తగిలించొచ్చు.

దాని లోపం ఒకటే: జడకు, ముడికి తప్ప పనికిరాదు. జుట్టు వదిలేసుకుని రిసెప్షన్‌లో నిలబడాలంటే సవరం దాగదు. అక్కడ క్లిప్పులే దిక్కు.

పెళ్ళికూతురి పూలజడకు మాత్రం ఎవరేం చెప్పినా మా ఓటు సవరానికే. నాగరం, జడబిళ్ళలు, జడకుప్పెలు, వాటి మీద మల్లెపూలు, మరువం అన్నీ కలిపితే జడ బరువు బాగానే ఉంటుంది. ఆ బరువు టేపు పట్టీల మీదో కెరటిన్ కుచ్చుల మీదో పడితే, ఒక్కో చోట ఉన్న కొన్ని వెంట్రుకలే దాన్ని మోయాలి. సవరం ముడిని జడ మొదట్లో రబ్బరుబ్యాండు, పిన్నులతో బిగిస్తే బరువు జడ మొత్తం పంచుకుంటుంది. పాప కూచిపూడి ప్రోగ్రామ్‌కి కూడా ఇదే. చిన్నపిల్లల తలకు జిగురు పెట్టమని అడగొద్దు, పెట్టం.

క్లిప్పులు పెడితే జారిపోవా?

సరిగ్గా పెడితే జారవు. పాపిడి తీసి, కుదురు దగ్గర కొంచెం వెనక్కి దువ్వి ఉబ్బించి, అక్కడ కాస్త స్ప్రే కొట్టి క్లిప్పు నొక్కాలి. క్లిప్పు లోపలి వైపు సిలికాన్ పట్టీ ఉన్నది కొనండి. అప్పుడే షాంపూ చేసిన తల కంటే రెండో రోజు తల బాగా పట్టు ఇస్తుంది.

లాభాలు తెలిసినవే: ఇంట్లోనే పెట్టుకోవచ్చు, పడుకునే ముందు తీసేయొచ్చు, వాడకం తక్కువ కాబట్టి ఒక సెట్టు ఏళ్ళ తరబడి వస్తుంది. నష్టమేమిటంటే, జుట్టు బాగా పలచగా ఉన్నవాళ్ళకు క్లిప్పు ఎత్తుగా కనిపిస్తుంది. ఏడెనిమిది గంటలు దాటితే తల లాగినట్టు నొప్పి మొదలవుతుంది. రాత్రి ముహూర్తానికి మధ్యాహ్నమే పెట్టించుకుని కూర్చోకండి.

హేలో అని ఇంకోటి ఉంది. సన్నని పారదర్శకమైన తీగకు జుట్టు కట్టి ఉంటుంది, నెత్తి మీద నుంచి తొడుక్కోవడమే. క్లిప్పు నొప్పి పడనివాళ్ళకు బాగుంటుంది. బారాత్‌లో గంతులేసేవాళ్ళకు కాదు.

టేపు పెట్టించుకుంటే తలకు నూనె రాసుకోవచ్చా?

మన ఊళ్ళో అన్నిటికంటే ఎక్కువ అడగాల్సిన ప్రశ్న ఇది. పెట్టించుకునే ముందు దాదాపు ఎవరూ అడగరు, పెట్టించుకున్నాక అందరూ అడుగుతారు.

టేపు అంటే సుమారు 4 సెంటీమీటర్ల వెడల్పున్న పట్టీ. రెండు పట్టీల మధ్య మన జుట్టును పల్చటి పొరగా ఉంచి అతికిస్తారు. పని తొందరగా అవుతుంది, తలకు చదునుగా అంటుకుంటుంది, వేలితో తడిమితే తప్ప తెలియదు. ఇంతవరకు అన్నీ మంచి మాటలే. కానీ ఆ జిగురును కరిగించే మందుల్లో నూనె ఒకటి. తీసేటప్పుడు మేం వాడే రిమూవర్లు కూడా నూనెతోనో ఆల్కహాల్‌తోనో చేసినవే. శనివారం కొబ్బరినూనె పట్టించి తలంటుకునే అలవాటుంటే, మీరే వారం వారం కొంచెం కొంచెంగా టేపు ఊడదీసుకుంటున్నట్టు.

కుదుళ్ళు వదిలేసి చివర్లకు మాత్రం రాసుకోవచ్చు. అది చాలదు, మాడు చల్లబడాల్సిందే అనేవాళ్ళు టేపు జోలికి పోకపోవడమే మేలు. కుంకుడుకాయతో కూడా జాగ్రత్త: పిప్పి పట్టీల సందుల్లో ఇరుక్కుంటే దులిపినా రాదు. కండిషనర్ కూడా పట్టీలకు తగలకుండా చెవుల కింద నుంచే రాయాలి. పెట్టించుకున్న మొదటి రెండు రోజులు తల తడపకూడదు.

టేపు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంటుంది. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు, కొందరికి ఇంకాస్త ఎక్కువ పెరుగుతుంది. రెండు నెలలకు పట్టీ మాడు నుంచి రెండు సెంటీమీటర్లకు పైగా కిందికి దిగుతుంది, మెలితిరుగుతుంది, పక్క జుట్టుతో కలిసి ఉండ కడుతుంది. తీసి, కొత్త టేపు వేసి, మళ్ళీ పైకి పెట్టాలి. జుట్టు మాత్రం అదే వాడొచ్చు.

మైక్రో రింగులు, కెరటిన్ బాండ్లు: తేడా ఏమిటి?

రెండూ చిన్న చిన్న కుచ్చులుగా పెట్టేవే. రింగుల్లో, సిలికాన్ పొర ఉన్న చిన్న లోహపు రింగులోంచి మన జుట్టునూ ఎక్స్‌టెన్షన్ జుట్టునూ దూర్చి పట్టకారుతో నొక్కుతారు. జిగురూ వేడీ అక్కర్లేదు. నూనెకు భయం లేదు గానీ, బాగా రాస్తే రింగు జారుతుంది. రెండు మూడు నెలలకోసారి రింగు విప్పి పైకి జరపాలి. లోపలి సిలికాన్ పోయిన నాసిరకం రింగులైతే లోహం నేరుగా జుట్టును కోస్తుంది.

కెరటిన్‌లో కుచ్చు చివర ఉన్న బంకను వేడి చేసి, కరిగించి, వేళ్ళతో చుడతారు. తల నిండా పెట్టాలంటే వందకు పైగా కుచ్చులు, కొన్ని గంటల పని. ఫలితం అన్నిటికంటే సహజంగా ఉంటుంది, ఎటు దువ్వినా కదులుతుంది, పోనీటైల్ వేసినా దొరకదు. మూడు నాలుగు నెలలు ఉంటుంది. అయితే పైకి జరపడం కుదరదు, గడువు అయ్యాక ప్రతి కుచ్చునూ ద్రావకంతో నానబెట్టి, పట్టకారుతో చిదిపి తీయాలి. పెట్టడానికి ఎంత ఓపిక కావాలో తీయడానికీ అంతే కావాలి. ఇక్కడే చాలాచోట్ల పని చెడుతుంది: పెట్టేవాళ్ళు దొరుకుతారు, ఓపికగా తీసేవాళ్ళు దొరకరు. లాగి తీస్తే మీ జుట్టు కూడా దానితో పోతుంది.

కుట్టించుకోవడం గురించి ఎవరూ చెప్పరేం?

మన జుట్టుకు అంత నప్పదు కాబట్టి. మాడుకు ఆనించి సన్నని జడలు అల్లి, వాటి మీద జుట్టు వరుసను సూదీ దారంతో కుట్టడం ఈ పద్ధతి. 1950ల మొదట్లో అమెరికాలో క్రిస్టీనా జెంకిన్స్ అనే నల్లజాతి మహిళ దీనికి పేటెంట్ పొందారు. గట్టి ఉంగరాల జుట్టులో ఆ జడలు నిలుస్తాయి. మన నున్నటి జుట్టులో జారతాయి, జారకుండా బిగిస్తే మాడు లాగుతుంది. పైగా కుట్టు కింద తడి ఆరదు. జూన్‌లో మన ఉక్కపోతకు అక్కడ దురద, వాసన, చుండ్రు వస్తే గోకడానికి కూడా వేలు దూరదు. మంచి ఉంగరాల జుట్టున్నవాళ్ళకు తప్ప మేం సూచించం.

విశాఖ గాలికి ఇవి తట్టుకుంటాయా?

పొడి ఊళ్ళలో ఉన్నంత తేలిగ్గా ఉండవు. సముద్రపు తేమకు మనిషి జుట్టు, మనదైనా కొన్నదైనా, ఉబ్బి రేగుతుంది. కొన్న జుట్టుకు మాడు నుంచి వచ్చే జిడ్డు అందదు కాబట్టి అది ఇంకా తొందరగా ఎండి చిక్కుపడుతుంది. ఆర్కే బీచ్‌లో సాయంత్రం గాలికి జుట్టు వదిలేసి ఫొటోలు దిగాక, ఇంటికొచ్చి చివర్ల నుంచి పైకి, ఒక చేత్తో కుదురు పట్టుకుని దువ్వండి. రుషికొండలో నీళ్ళలో దిగితే, లేదా కార్తీక పౌర్ణమికి సముద్రస్నానం చేస్తే, అదే రోజు మంచినీళ్ళతో ఉప్పు పోయేలా కడగాలి. దిగే ముందు జడ వేసుకుంటే సగం గొడవ తప్పుతుంది. మీ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే చివరి చెంబు కుళాయి నీళ్ళు పోసుకోండి.

తడి తలతో పడుకోవద్దు. ఇది అన్ని రకాలకూ వర్తిస్తుంది, మినహాయింపు లేదు.

రోజూ స్కూటీ మీద వెళ్తాను, హెల్మెట్‌తో ఇబ్బందా?

నెత్తికి దగ్గరగా పెట్టిన రింగులు హెల్మెట్ కింద నొక్కుకుని నొప్పి పెడతాయి. కెరటిన్ కుచ్చులూ కొంత అంతే. టేపు చదునుగా ఉంటుంది కాబట్టి దానితో ఇబ్బంది తక్కువ, కానీ చెమటకు జిగురు మెత్తబడుతుంది. గాజువాక నుంచి సిరిపురం దాకా రోజూ ఎండలో వచ్చేవాళ్ళకు టేపు గడువు ఎనిమిది వారాలు కాదు, ఆరే అనుకోండి. క్లిప్పులు ఆఫీసుకు వెళ్ళాక పెట్టుకోవచ్చు. హెల్మెట్ మాత్రం మానొద్దు.

ఇవి పెట్టుకుంటే నా అసలు జుట్టు ఊడిపోతుందా?

తీసిన రోజు చేతిలో జుట్టు ఉండ చూసి ఏడ్చినవాళ్ళున్నారు. ముందు ఒక లెక్క చెప్తాం. ఎవరికైనా రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు సహజంగా రాలతాయి. రెండు నెలల్లో అది వేలల్లోకి పోతుంది. మామూలుగా దువ్వెనకో, బాత్‌రూమ్ జాలీకో పోయే ఆ వెంట్రుకల్లో కొన్ని పట్టీల్లో ఇరుక్కుని, కింద పడే దారి లేక అక్కడే ఉండిపోతాయి. తీయగానే అన్నీ ఒక్కసారి కనిపిస్తాయి. వెంట్రుక చివర చిన్న తెల్లటి గడ్డ ఉంటే అది కుదురు నుంచి వచ్చింది. గడ్డ లేకుండా పొట్టిగా ఉంటే మధ్యలో తెగినది. పొట్టివి ఎక్కువ కనిపిస్తే పెట్టడంలోనో తీయడంలోనో తప్పు జరిగినట్టే.

అసలు భయపడాల్సింది లాగుడు వల్ల వచ్చే బట్టతలకు. దాన్ని ట్రాక్షన్ అలోపీషియా అంటారు. కుదురును నెలల తరబడి బరువు లాగుతుంటే అది నీరసపడుతుంది. ముందుగానే గుర్తించి లాగుడు ఆపితే జుట్టు తిరిగి వస్తుంది. ఏళ్ళు సాగితే కుదురు మూసుకుపోయి ఇక రాదు. చెవుల పైన, నుదుటి అంచున మొదలవుతుంది. పెట్టిన రెండో రోజుకు కూడా నొప్పి తగ్గకపోవడం, కుదుళ్ళ దగ్గర చిన్న చిన్న పొక్కులు, పడుకుంటే దిండు తగలనీయకపోవడం, ఇవి కనిపిస్తే అలవాటవుతుందిలే అని ఓర్చుకోకండి. వెంటనే తీయించండి. ఒక విడత తీశాక మరోటి పెట్టించుకునే ముందు కొన్ని వారాలైనా తలకు విశ్రాంతి ఇవ్వండి.

కాన్పు తర్వాత జుట్టు బాగా పోయింది. ఎక్స్‌టెన్షన్లతో కప్పుకోవచ్చా?

ఇప్పుడొద్దు. కాన్పు అయిన రెండు మూడు నెలలకు మొదలయ్యే ఈ రాలడం చాలామందికి ఏడాదిలోపు దానంతటదే సర్దుకుంటుంది. ఆ సమయంలో బలహీనంగా ఉన్న జుట్టుకు బరువు కడితే సర్దుకునేది కూడా సర్దుకోదు. బారసాలకు అందంగా కనపడాలంటే ముడికి చుట్టే సవరం, పైన పూలు చాలు. థైరాయిడ్, రక్తహీనత ఉన్నా జుట్టు రాలుతుంది. రూపాయి బిళ్ళంత గుండ్రంగా ఊడితే అది వేరే జబ్బు. ఇలాంటివాటికి ముందు చర్మవ్యాధుల డాక్టర్‌ని చూడండి, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లోనూ ఆ విభాగం ఉంది. పార్లర్ తర్వాత.

సింహాచలంలో గుండు చేయించుకున్నాను. ఎన్నాళ్ళు ఆగాలి?

టేపు గానీ రింగు గానీ పట్టాలంటే కనీసం ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల జుట్టు ఉండాలి. పెరుగుదల లెక్కన ఏడెనిమిది నెలలు, కొందరికి పది. పట్టినంత మాత్రాన కలిసిపోదు: పొట్టి జుట్టు కింద నుంచి పొడవు జుట్టు వేలాడితే మెట్టులా కనిపిస్తుంది. గడ్డం వరకు దిగాక పెట్టించుకుంటే బాగుంటుంది. అప్పటిదాకా ఫంక్షన్లు ఉంటే విగ్గే మర్యాద.

నాకు అమ్మే జుట్టు అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

రెండు మూడు వెంట్రుకలు తీసి, సింకు మీద పట్టుకుని కాల్చండి. మనిషి జుట్టు ఈకలు కాలిన వాసన వేసి బూడిదవుతుంది, నలిపితే పొడైపోతుంది. సింథటిక్ కరిగి, ప్లాస్టిక్ వాసనతో గట్టి పూసలా మిగులుతుంది. అసలు జుట్టులో కొంత సింథటిక్ కలిపి అమ్మేవాళ్ళుంటారు, కాబట్టి రెండు మూడు చోట్ల నుంచి తీసి చూడాలి.

మనిషి జుట్టులోనూ రకాలున్నాయి. వెంట్రుక పైపొర చేప పొలుసుల్లా కుదురు నుంచి చివరకు పరుచుకుని ఉంటుంది. తల మీద నుంచి ఒకేసారి కోసి, కుదుళ్ళన్నీ ఒకవైపే ఉంచినదాన్ని రెమీ అంటారు. వీధుల్లో స్టీలు గిన్నెలిచ్చి కొనుక్కుపోయే చిక్కుజుట్టులో వెంట్రుకలు అటూ ఇటూ కలిసిపోయి, పొలుసులు ఒకదానికొకటి పట్టేసుకుంటాయి. అందుకే దాని పొలుసులు ఆమ్లంతో తీసేసి సిలికాన్ పూత పూస్తారు. షాపులో పట్టులా మెరుస్తుంది. కొన్ని స్నానాలకు పూత పోయి కొబ్బరిపీచు అవుతుంది. కొనే ముందు అడిగి, ఒక కుచ్చును ఇంట్లో షాంపూతో నాలుగైదుసార్లు కడిగి ఆరబెట్టి చూడండి. ఒప్పుకోని షాపులో కొనకండి.

దేవుడికిచ్చిన తలనీలాలా ఇవి? పెట్టుకోవచ్చా?

కొన్ని అవే. తిరుమల కళ్యాణకట్టలో భక్తులిచ్చిన జుట్టును టీటీడీ వేలంలో అమ్ముతుంది. ఒకే కోతలో వస్తుంది కాబట్టి రెమీకి అది పెద్ద వనరు. మొక్కు తీరాక ఆ జుట్టుకు పవిత్రత ఉంటుందా లేదా అనేది మీ నమ్మకం, మీ పురోహితుడు తేల్చాల్సిన విషయం. ఈ సందేహం మనకొక్కరికే వచ్చింది కూడా కాదు. 2004లో జెరూసలేంలో ఒక పెద్ద రబ్బీ (యూదుల మతగురువు), తిరుమల జుట్టుతో చేసిన విగ్గులు వాడకూడదని చెప్పారు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో యూదు మహిళలు తమ విగ్గులు తెచ్చి వీధిలో తగలబెట్టారు. మా దగ్గర మాత్రం అత్తగార్లు అడుగుతారు, కోడళ్ళు కొంటారు.

సింథటిక్ చవక కదా, ఒక్కరోజుకు చాలదా?

సంగీత్‌కు చాలు. పీటల మీదకు వద్దు. హోమగుండం ముందు వంగినప్పుడు నిప్పు తగిలితే చాలా సింథటిక్ దారాలు కరిగి ఒంటికి అంటుకుంటాయి. అసలు జుట్టు కూడా మండుతుంది, హెయిర్ స్ప్రే కొట్టినదైతే మరీను, కాబట్టి ముందుకు వేసుకున్న జుట్టును ఆ కాసేపు ఎవరైనా వెనక్కి పట్టుకోవాలి. మామూలు సింథటిక్‌కు ఐరన్, కర్లర్ పెట్టకూడదు. వేడి తట్టుకుంటుందని అట్ట మీద రాసి ఉన్నదానికి కూడా ఆ రాసిన డిగ్రీలు దాటొద్దు.

రంగు కలవడం లేదు, ఎందుకు?

మన జుట్టు నల్లదని మనమే అనుకుంటాం. ఎండలో చూస్తే చాలామందిది ముదురు గోధుమ. గోరింటాకు పెట్టేవాళ్ళకు ఎర్ర జీర. షాపు ట్యూబులైటు కింద కాటుక నలుపు కొనేసి బయటికొస్తే తేడా తెలిసిపోతుంది. పట్టపగలు, మీ జుట్టు చివర్లతో పోల్చి తీసుకోండి, కుదుళ్ళతో కాదు. అసలు జుట్టుకు ముదురు రంగు వేయొచ్చు. లేత రంగు చేయబోతే పాడవుతుంది.

ఖర్చు ఎలా లెక్కేసుకోవాలి?

ఫోన్‌లో చెప్పే ధర సాధారణంగా జుట్టుకే. ఎన్ని అంగుళాలు, ఎన్ని గ్రాములు, కింది చివర వరకు ఒకే లావు ఉందా అని అడగండి. 100 గ్రాముల 18 అంగుళాల జుట్టుకూ, అదే బరువున్న 24 అంగుళాలదానికీ లావులో చాలా తేడా. తర్వాత పెట్టే కూలి, పైకి జరిపే కూలి, తీసే కూలి విడివిడిగా అడగండి. టేపు ఏడాదంతా ఉంచుకుంటే ఏడెనిమిదిసార్లు పార్లర్‌కు రావాలి. చాలామంది బడ్జెట్‌లో ఆ రాకపోకలు ఉండవు. గడువు దాటించి మూడో నెలకు వస్తారు, అప్పుడు విడదీసే పనికి ఇంకా ఎక్కువవుతుంది.

ఎమ్మారై తీయించుకోవాలి, రింగులున్నాయి. పర్వాలేదా?

స్కానింగ్ సెంటర్‌లో ముందే చెప్పండి. అది లోహం. వాళ్ళు తీసి రమ్మంటే తీసే వెళ్ళాలి. ఆపరేషన్ ఉన్నవాళ్ళు కూడా డాక్టర్‌కు చెప్పాలి. తేదీ తెలిసిన రోజే పార్లర్‌కు ఫోన్ చేస్తే హడావుడి ఉండదు.

మగవాళ్ళకు పెడతారా?

జుట్టున్నవాళ్ళకు పొడవు పెంచడం వేరు, బట్టతల కప్పే హెయిర్ ప్యాచ్ వేరు. ప్యాచ్ మేం చేయం. చేయించుకునేవాళ్ళు జిగురు పడుతుందో లేదో చెవి వెనక ఒక చుక్క రాసి ఒకటి రెండు రోజులు ఆగి చూసుకోండి. లేటెక్స్ (రబ్బరు పాలు) పడనివాళ్ళు ముందే చెప్పాలి. ఈ పరీక్ష ఆడవాళ్ళ టేపుకూ మంచిదే.

ఇంట్లోనే తీసేసుకోవచ్చా? తీసిన జుట్టు మళ్ళీ పనికొస్తుందా?

సవరం, క్లిప్పులు, హేలో ఎలాగూ మీ చేతిలో పనే. టేపు అత్యవసరమైతే తీయొచ్చు: రిమూవర్ పట్టీల మధ్యకు దిగేలా రాసి, కొన్ని నిమిషాలు ఆగి, దానంతటది విడిపోయేదాకా మళ్ళీ రాయాలి. లాగాలనిపించిన ప్రతిసారీ ఇంకో చుక్క వేయండి. కెరటిన్, రింగులు, కుట్టు ఇంట్లో వద్దు. ముఖ్యంగా కత్తెర పట్టుకోవద్దు, వెనకవైపు ఏది మీదో ఏది కొన్నదో తెలియదు.

మంచి రెమీ అయితే టేపు జుట్టును రెండు మూడు విడతలు వాడొచ్చు. షాంపూ చేసి, నీడలో వేలాడదీసి ఆరబెట్టి, పూర్తిగా ఆరాక వదులుగా అల్లి పాత నూలుగుడ్డలో చుట్టి పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో కట్టేస్తే మన తేమకు బూజు పడుతుంది. ఇక పెట్టుకోనని అనుకుంటే మా దగ్గరికి తెండి, చివర్లు కత్తిరించి మూడు పాయలుగా సవరం కట్టించి ఇస్తాం.